మా వార్డు గోడ మీద ఖాళీగా ఉన్న ఒక వరస: ఆరోగ్య శాఖ మంత్రి గారికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన ఆంధ్రప్రదేశ్ వైద్య, ఆరోగ్య శాఖ మంత్రి గారికి,

నమస్కారం.

నేను అమలాపురం దగ్గర పన్నెండు పడకల నర్సింగ్ హోమ్ నడిపే మానసిక వైద్యుణ్ణి. ఇరవై రెండేళ్ళుగా ఇక్కడే ప్రాక్టీసు చేస్తున్నాను. రాజోలు, ముమ్మిడివరం, పి.గన్నవరం వైపు నుంచీ, గోదావరి వశిష్ఠ పాయ దాటి నరసాపురం, పాలకొల్లు నుంచీ కూడా పేషెంట్లు వస్తారు. వాళ్ళలో కొందరి సంగతి ఈ ఉత్తరంలో రాస్తున్నాను. పేర్లు రాయలేదు, ఊళ్ళు చెప్పలేదు, ఎవరూ గుర్తుపట్టకుండా కొన్ని వివరాలు మార్చాను.

మా వార్డులోకి అడుగుపెట్టగానే ఎడమ చేతి గోడ మీద నీలం రంగుతో పేషెంట్ల హక్కులు రాయించి ఉంటాయి. అన్నిటికంటే కింద 'మెంటల్ హెల్త్ రివ్యూ బోర్డు ఫోన్ నంబరు' అని ఉంటుంది. పేషెంట్ల మొర విని తేల్చడానికి చట్టం పెట్టిన సంఘం అది. నంబరు ఉండాల్సిన చోట ఖాళీ. మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం, 2017 లోని 72వ సెక్షన్ ప్రకారం ఆ నంబరు అందరికీ కనపడేలా పెట్టాలి. పేషెంటు అడిగితే పైసా తీసుకోకుండా ఫోన్ కూడా మేమే ఇవ్వాలి. ఫోన్ బల్ల మీదే ఉంది. నంబరు ఒకప్పుడు ఉండేది. నాకు దొరికినదాన్నే రాయించాను. తర్వాత నేనే దాని మీద సున్నం పూయించాను. ఎందుకో చెబుతాను.

ఒకావిడ కువైట్‌లో ఆరేళ్ళు ఇంటిపని చేసి తిరిగొచ్చింది. వచ్చిన నెలలోపే నిద్ర పోవడం మానేసింది. అన్నంలో ఏదో కలుపుతున్నారని గిన్నెలతో సహా చెరువులో పారేసేది. భర్త తీసుకొచ్చాడు. "బాగుచేసి పంపండి, లేదంటే మీ దగ్గరే ఉంచేసుకోండి" అన్నాడు. ఆవిడ పంపిన డబ్బుతో కట్టిన ఇల్లు ఆయన పేరు మీద ఉంది. పాత రోజుల్లో అయితే ఆయన సంతకం, ఇద్దరు డాక్టర్ల సర్టిఫికెట్లతో పని అయిపోయేది. ఇప్పుడు అలా కుదరదు. తన తరఫున ఎవరు నిలబడాలో ఆవిడే చెప్పాలి. తెల్ల కాగితం మీద రాసి, సంతకమో వేలిముద్రో వేస్తే చాలు. 14వ సెక్షన్ ఇచ్చిన హక్కు అది. "మా పిన్ని" అంది ఆవిడ. మర్నాడు పొద్దున్న మొదటి బస్సుకే ఆ పిన్ని గారు క్యారేజీ పట్టుకుని దిగారు. అంత అయోమయంలోనూ ఆవిడ తన మనిషిని సరిగ్గానే ఎంచుకుంది. ఆ కాగితం నా ఫైల్లో ఇప్పటికీ ఉంది.

అయిదో రోజున ఆవిడ "నాకేం జబ్బు లేదు, ఇంటికి పంపించేయండి" అంది. ఇంకా అన్నం ముట్టుకోవడం లేదు, రాత్రిళ్ళు గోడకి చెవి ఆనించి వింటోంది. ఇప్పుడే పంపకూడదని నేను, పిన్ని గారు అనుకున్నాం. ఇక్కడే చట్టం నాకూ పేషెంటుకీ మధ్య మూడో మనిషిని పెట్టింది. పేషెంటు బోర్డుకి మొరపెట్టుకోవచ్చు. దానికి ఫీజు లేదు. ప్రత్యేక పరిస్థితుల్లో నోటిమాటగా చెప్పినా, ఫోన్లో చెప్పినా బోర్డు తీసుకోవచ్చని 77వ సెక్షన్ అంటోంది. నేను గోడ చూపించి, ఫోన్ చేతికిచ్చాను. మూడు రోజులు, పూటకి రెండుసార్లు చొప్పున చేసింది. ఎవరూ ఎత్తలేదు. మూడో రోజు సాయంత్రం ఫోన్ పెట్టేసి నా వైపు చూసి, "మీరే కదండీ గోడ మీద రాయించారు?" అంది.

నా దగ్గర జవాబు లేదు. ఆ రాత్రే ఆ వరస మీద సున్నం వేయించాను. పదిరోజులు దాటాక ఆవిడ తేరుకుంది, అన్నం తింది, పిన్నితో కలిసి నవ్వుతూనే వెళ్ళింది. అయినా ఆ మూడు రోజులు నాకు గుర్తున్నాయి. ఆమె దృష్టిలో ఆ మూడు రోజులూ నేను, నా నర్సులు, గోడ మీది అక్షరాలు, అన్నీ కలిసి అబద్ధం ఆడాం. ఎవరో తనని మోసం చేస్తున్నారన్నదే జబ్బుగా ఉన్న మనిషికి మేము నిజంగానే ఒక మోసం చూపించాం.

అయ్యా, ఈ చట్టం వద్దని చెప్పడానికి నేను ఉత్తరం రాయడం లేదు. మా వృత్తిలో చాలామంది దీన్ని వ్యతిరేకించారు. కాగితాల పని పెరుగుతుందని, ఇంటివాళ్ళ పాత్ర తగ్గిపోతుందని అన్నారు. 2018 మే 29న అమల్లోకి వచ్చిన రోజున నాకూ గుబులుగానే ఉండింది. కానీ ఈ చట్టం రాకముందు నేను చేసిన ఒక పని నాకు తెలుసు.

అప్పటికి ప్రాక్టీసు పెట్టి కొన్నేళ్ళే అయింది. ముగ్గురు తమ్ముళ్ళు కలిసి వాళ్ళ అన్నను తీసుకొచ్చారు. మతి స్థిమితం లేదు, ఉన్న పొలం అయినకాడికి అమ్మేస్తానంటున్నాడు, రాత్రిళ్ళు అరుస్తున్నాడు అన్నారు. ఆయన నిజంగానే కోపంగా ఉన్నాడు, గట్టిగానే అరిచాడు. నేను తమ్ముళ్ళ మాట నమ్మాను. అప్పటి 1987 మానసిక ఆరోగ్య చట్టం కింద బంధువు దరఖాస్తు, ఇద్దరు డాక్టర్ల సర్టిఫికెట్లు ఉంటే తొంభై రోజుల వరకు ఉంచుకోవచ్చు. పన్నెండు రోజులు మత్తు మందులిచ్చి ఉంచాను. తర్వాత తెలిసింది, ఆయన అమ్ముకుంటానన్నది తన వాటా కిందికి వచ్చిన ఎకరం ముప్పావే. ఆ పన్నెండు రోజుల్లో తమ్ముళ్ళు ఊళ్ళో పెద్దమనుషుల దగ్గర 'మా అన్న పిచ్చాసుపత్రిలో ఉన్నాడు' అని చెప్పుకున్నారు. ఆ తర్వాత ఆయన నన్ను ఎప్పుడు గడియారస్తంభం దగ్గర చూసినా రోడ్డు దాటి అటు వెళ్ళిపోయేవాడు. ఆయన పోయారని ఈమధ్యే తెలిసింది. క్షమాపణ చెప్పుకునే అవకాశం లేకుండా పోయింది.

ఇప్పుడైతే ఆయన్ని అంత తేలిగ్గా ఉంచలేను. తనకో ఎదుటివాళ్ళకో ఈమధ్యనే హాని చేసి ఉండాలి, లేదా చేయబోయి గానీ, చేస్తానని బెదిరించి గానీ ఉండాలి. లేకపోతే తనను తాను చూసుకోలేని స్థితిలో ప్రమాదం అంచున ఉండాలి. ఒక సైకియాట్రిస్టు, ఇంకొక డాక్టరో మానసిక ఆరోగ్య నిపుణుడో విడివిడిగా చూసి అవునని రాయాలి. ఉంచినా ముప్పై రోజులే. చేర్చిన సంగతి ఏడు రోజుల్లో బోర్డుకి తెలపాలి, ఆడవాళ్ళయినా పిల్లలయినా మూడు రోజుల్లోనే తెలపాలి. కోర్టులో ఎవరైనా ఫలానా వాడికి పిచ్చి అని వాదిస్తే, అవతలివాళ్ళు కాదంటే, ఆ విషయం తేల్చడానికి కోర్టు బోర్డుకి పంపాలని 105వ సెక్షన్. 1912 నాటి ల్యూనసీ చట్టం నుంచి ఇక్కడికి రావడానికి మన దేశానికి నూరేళ్ళు పైనే పట్టింది. మధ్యలో 2001 ఆగస్టు 6న తమిళనాడులోని ఏర్వాడిలో గొలుసులతో కట్టి ఉంచిన పేషెంట్లు 28 మంది మంటల్లో కాలిపోయారు. గొలుసులుండబట్టే పారిపోలేకపోయారు. ఆ తర్వాత వచ్చిన చట్టం ఇది. దీన్ని నేను వెనక్కి తీసుకోమనను.

నా బాధ వేరే. ఈ చట్టంలో మూలస్తంభం బోర్డు. జిల్లా జడ్జి గానీ రిటైరైన జిల్లా జడ్జి గానీ అధ్యక్షులు. కలెక్టర్ గారి ప్రతినిధి ఒకరు. ఒక సైకియాట్రిస్టు, మరో డాక్టరు. ఇంకో ఇద్దరు, జబ్బు అనుభవించినవాళ్ళో, పేషెంట్లను చూసుకునే ఇంటివాళ్ళో, సేవాసంస్థల వాళ్ళో. ఇంత మంచి కూర్పు మన దేశంలో ఎన్ని సంస్థలకుంది? పేషెంటు, ఇంటివాళ్ళు, డాక్టరు ముగ్గురూ తలోవైపు లాగుతున్నప్పుడు నిలబడి వినడానికి పెట్టిన చోటు అది. అది చేతికందేంత దగ్గరలో లేకపోతే ఏమవుతుంది? చట్టంలో పేషెంటుకి ఇచ్చిన హక్కులు కాగితం మీద ఉండిపోతాయి. డాక్టరుకి పెట్టిన భయం మాత్రం అచ్చంగా మిగులుతుంది. ఏ నిబంధన తప్పినా మొదటిసారికి ఆరు నెలల వరకు జైలు, పదివేల వరకు జరిమానా, లేదా రెండూ. మళ్ళీ తప్పితే రెండేళ్ళ వరకు. దాన్ని తలుచుకునే మా చుట్టుపక్కల మామూలు నర్సింగ్ హోములు మానసిక రోగుల్ని చేర్చుకోవడం మానేశాయి. తాగుడు ఒక్కసారిగా ఆపేయడంతో వణుకు పుట్టి, ఎవరెవరో కనపడుతున్నారని మంచం దిగి పరిగెత్తే మనిషిని కూడా "మా వల్ల కాదు, సైకియాట్రీకి తీసుకెళ్ళండి" అంటున్నారు. మద్యం వల్ల వచ్చేవి కూడా ఈ చట్టం కిందికి వస్తాయని ఎవరో చెప్పారట వాళ్ళకి. వస్తాయి, నిజమే. కానీ అలాంటి మనిషికి మొదటి రెండు రోజులూ కావలసింది సెలైన్, థయమిన్ అనే విటమిన్, వణుకు తగ్గించే మందు. ఏ జనరల్ ఫిజీషియన్ అయినా చేయగలిగినవే. ఆలస్యమైతే ప్రాణం పోతుంది.

ఇక ఆ అబ్బాయి సంగతి.

ఇంటర్ రెండో సంవత్సరం. పదిహేడేళ్ళు దాటి కొన్ని నెలలు. గోదావరి పాయల మధ్య లంక గ్రామం, తండ్రి కౌలు రైతు. హాస్టల్ నుంచి సెలవులకి వచ్చినవాడు ఒకరోజు అరుగు మీద కూర్చుని ఇక లేవలేదు. మాట్లాడడు, తినడు, మింగడు. చెయ్యి పైకెత్తి వదిలేస్తే అలాగే గాల్లో ఉండిపోయేది. మా భాషలో కెటటోనియా. ముందు భూతవైద్యుడి దగ్గరికి తీసుకెళ్ళారు, తర్వాత నా దగ్గరికి. లోరజెపామ్ ఇంజెక్షన్లు మొదలుపెట్టాను. మొదటి రోజు "అమ్మా" అన్నాడు. ఇంట్లో అందరికీ ప్రాణం లేచొచ్చింది. రెండో రోజు నుంచి మళ్ళీ బిగుసుకుపోయాడు. ముక్కులోంచి గొట్టం వేసి గంజి, పాలు ఇచ్చాం. అలా కదలకుండా పడుకుంటే కాళ్ళలో రక్తం గడ్డకడుతుంది, ఆ గడ్డ ఊపిరితిత్తుల్లోకి వెళ్తే నిమిషాల్లో మనిషి దక్కడు. అప్పుడు చెయ్యాల్సింది ఈసీటీ. జనం కరెంటు షాకు అంటారు. ఇప్పుడది మత్తు డాక్టరు పక్కనుండి, పూర్తిగా నిద్రపుచ్చి, కండరాలు సడలించే మందిచ్చి చేసే వైద్యం. మత్తు లేకుండా చేయడాన్ని ఈ చట్టం నిషేధించింది. అది నూటికి నూరుపాళ్ళు సరైన నిషేధం.

మైనర్లకి ఈసీటీ చేయకూడదని కూడా చట్టం అంటోంది. తప్పదని సైకియాట్రిస్టు అనుకుంటే తల్లిదండ్రుల అంగీకారంతో పాటు బోర్డు ముందస్తు అనుమతి తీసుకోవాలి. ఇదీ నాకు సమ్మతమే. పిల్లల మెదడు విషయంలో నేనొక్కణ్ణే నిర్ణయించకూడదు. కానీ అనుమతి అడగడానికి అవతల ఎవరో ఒకరు ఉండాలి కదా! ఆ సాయంత్రమే వివరంగా రాసి మెయిల్ చేశాను, రిజిస్టర్డ్ పోస్టు చేశాను, తెలిసినవాళ్ళందరి ద్వారా అడిగించాను. మర్నాడు జవాబు లేదు. ఆ మర్నాడూ లేదు. నాలుగో రోజు తండ్రి నా గది గుమ్మంలో నిలబడి, "పైనుంచి రాలేదాండీ?" అని అడిగాడు. ఆయన దృష్టిలో పైనుంచి రావాల్సింది దేవుడి అనుగ్రహం లాంటిదేదో. నేను వివరించడానికి ప్రయత్నించి మధ్యలో ఆపేశాను. ఆ రాత్రి అంబులెన్సులో రెండు వందల కిలోమీటర్ల పైన ఉన్న పెద్ద ఊరికి పంపాం. గడ్డలు కట్టకుండా ఇంజెక్షన్ ఇచ్చి, కాళ్ళకి బ్యాండేజీలు చుట్టి, నర్సుని తోడిచ్చి పంపాను. తెల్లారేదాకా ఫోన్ చేతిలో పట్టుకుని కూర్చున్నాను.

ఆ అబ్బాయి బతికాడు. నలభై రోజుల తర్వాత తన కాళ్ళ మీద తాను నడుచుకుంటూ నా గదిలోకి వచ్చాడు. ఇప్పుడు డిగ్రీ చదువుతున్నాడు. అంబులెన్సు ఖర్చు, అక్కడి ఖర్చులు కలిపి చేసిన అప్పు మాత్రం వాళ్ళ నాన్న ఇంకా తీరుస్తూనే ఉన్నాడు.

లంకల గురించి మీకు కొత్తగా చెప్పక్కర్లేదు. జూలై, ఆగస్టుల్లో ధవళేశ్వరం దగ్గర నీటిమట్టం పెరిగిందని వినగానే ఇక్కడ పశువుల్ని గట్టుకి తోలుతారు, బియ్యం బస్తాలు అటకెక్కిస్తారు. కాజ్‌వే మునిగితే పడవే దారి. ఆ రోజుల్లో కొన్ని ఇళ్ళలో ఇంకో పని కూడా చేస్తారు. నేను కళ్ళారా చూశాను. కొబ్బరి దింపు పని చేసే కుర్రవాడు, స్కిజోఫ్రెనియా, అంటే లేని గొంతులు వినిపించే జబ్బు. వాళ్ళమ్మ అతని కాలికి గొలుసు వేసి పెరట్లో చెట్టుకి కట్టింది. నేను కోప్పడ్డాను. ఆవిడ నా మాట పూర్తిగా విని, "ఎవరికిష్టమండీ? వరదొచ్చిందంటే గోదాట్లోకి నడిచెళ్ళిపోతాడు. ఈత వచ్చినోడే. ఆ టైములో ఈదడండీ" అంది. అంతకు ముందు ఏడాది అతన్ని జాలర్లు లాక్కొచ్చారట.

గొలుసుతో బంధించడం మనిషి గౌరవానికి విరుద్ధమని సుప్రీంకోర్టు 2019 జనవరిలో కూడా చెప్పింది. ఆ తల్లికి సుప్రీంకోర్టు సంగతి చెప్పి ఏం లాభం? ఆ గొలుసు ఊడాలంటే నా దగ్గర పడక ఉండాలి, ఆ పడక మీద అతను చాలినన్ని రోజులు ఉండాలి.

చేర్చుకున్నాను. ముప్పై రోజులకి సగం తేరుకున్నాడు. వినిపించే గొంతులు తగ్గాయి గానీ పూర్తిగా పోలేదు. ఇంకో నెల ఉంటే మందు సరిగ్గా కుదురుతుందని నా నమ్మకం. అతను ఉండనన్నాడు. అనడం అతని హక్కు. ముప్పై రోజులు దాటి ఉంచాలంటే 90వ సెక్షన్ ప్రకారం ఇద్దరు సైకియాట్రిస్టులు విడివిడిగా చూసి రాయాలి. ఆ తర్వాత అనుమతి ఇవ్వాలో ఇంటికి పంపమనాలో బోర్డు ఇరవై ఒక్క రోజుల్లో చెప్పాలి. రెండో సైకియాట్రిస్టు కోసం నేను కాకినాడకీ, రాజమండ్రికీ ఫోన్లు చేశాను. ఒక్కొక్కరి ఓపీలో రోజుకి డెబ్బై, ఎనభై మంది. ఆ వారం రావడం ఎవరికీ కుదరలేదు. బోర్డు నుంచి ఏ మాటా వచ్చే ఆశ లేదు. ముప్పయ్యో రోజున డిశ్చార్జి రాశాను. చట్టప్రకారం నేను చేసింది సరైనదే. మూడు వారాల తర్వాత మా సోషల్ వర్కర్ వాళ్ళింటికి వెళ్తే గొలుసు మళ్ళీ చెట్టుకి ఉంది. మందులు అయిపోయాయట. దగ్గరలోని ప్రభుత్వ ఆస్పత్రిలో ఆ మాత్ర లేదన్నారట.

ఇక్కడే ఇంకో మాట. ముఖ్యమైన మానసిక మందులు ప్రభుత్వ ఆస్పత్రుల్లో ఉచితంగా ఎప్పుడూ దొరకాలని 18వ సెక్షన్ అంటోంది. జిల్లాలో కనీస మానసిక వైద్య సేవలు లేకపోతే, ఆ జిల్లాలోనే మరోచోట చేయించుకున్న వైద్యానికి ప్రభుత్వమే ఖర్చు భరించాలని కూడా అదే సెక్షన్‌లో ఉంది. ఈ రెండోది నా పేషెంట్లలో ఒక్కరికీ తెలియదు. చెబితే నమ్మరు.

డాక్టర్ల కొరత గురించి మీరు వినే ఉంటారు. దేశంలో లక్ష మందికి ఒక సైకియాట్రిస్టు కూడా లేడు, ముక్కాలు వంతు అంటున్నారు. లక్షకి ముగ్గురుండాలన్నది తరచూ చెప్పే లెక్క. 2011 జనాభా లెక్కల ప్రకారం చూసినా, 2022లో ఏర్పడినప్పటి మా కోనసీమ జిల్లాలో పదిహేడు లక్షల పైచిలుకు జనం. ఆ లెక్కన యాభై మంది ఉండాలి. మమ్మల్ని చేతివేళ్ళ మీద లెక్కపెట్టొచ్చు. 2015-16లో బెంగళూరులోని జాతీయ మానసిక ఆరోగ్య సంస్థ నిమ్‌హాన్స్ చేసిన జాతీయ సర్వేలో పెద్దవాళ్ళలో 10.6 శాతం మందికి ఏదో ఒక మానసిక సమస్య ఉందని తేలింది. ఆ సర్వే జరిగిన 12 రాష్ట్రాల్లో మనది లేదు. మన లెక్క మనకే సరిగ్గా తెలియదు. చట్టం అమల్లోకి వచ్చిన పదేళ్ళలో జనాభాకి తగ్గ నిపుణుల్ని తయారుచేసుకోవడానికి ప్రభుత్వాలు ప్రయత్నించాలని 31వ సెక్షన్ గడువు పెట్టింది. ఆ గడువు 2028 మే నెలతో ముగుస్తుంది. అప్పటికి యాభై మంది వస్తారని నేను ఆశపడడం లేదు. కానీ ఉన్న నలుగురితోనైనా చట్టం నడిచే దారి వెయ్యొచ్చు.

ఆ దారిలో మొదటిది బోర్డు. అమలాపురంలో పదిహేను రోజులకి ఒకసారైనా, ఫలానా రోజు, ఫలానా గది అని ముందే చెప్పి బోర్డు కూర్చునేలా చూడండి. లంకల నుంచి మనిషి రాలేకపోతే వీడియోలో వినండి. మేము పంపే ప్రతి రిపోర్టుకీ 'అందింది' అని ఒక్క మాట జవాబు రావాలి. మైనర్ల ఈసీటీ లాంటి ప్రాణం మీదికి వచ్చిన విషయాలకి ఒక రోజులో, మరీ అయితే రెండు రోజుల్లో నిర్ణయం చెప్పేందుకు ఒకరిద్దరు సభ్యులు ఎప్పుడూ ఫోన్లో దొరికేలా పద్ధతి పెట్టండి. బోర్డులో జబ్బు అనుభవించిన మనిషికీ, చూసుకునే ఇంటి మనిషికీ ఉన్న కుర్చీలు పేరుకి నింపకండి. వరద రోజుల్లో కొడుకుని చెట్టుకి కట్టిన తల్లి ఆ కుర్చీలో కూర్చుంటే మాలాంటివాళ్ళం చెప్పలేనివి ఆవిడ చెబుతుంది. తనిఖీలకి కూడా రండి. మమ్మల్ని మూడేళ్ళకోసారి ఆడిట్ చెయ్యాలని చట్టమే అంటోంది. రిజిస్టర్లు తిరగేసి వెళ్ళిపోకుండా వార్డులో ఒక గంట కూర్చుని పేషెంట్లతో మాట్లాడండి. నా తప్పులు వాళ్ళకి నాకంటే బాగా తెలుసు.

రెండోది, 90వ సెక్షన్ అడిగే రెండో సైకియాట్రిస్టు అభిప్రాయం కోసం ప్రభుత్వ ఆస్పత్రుల సైకియాట్రిస్టుల్లో ఒకరికి వారంలో ఒక రోజు ఈ పని అప్పగించండి. కాకినాడ నుంచి అమలాపురం అరవై, డెబ్బై కిలోమీటర్లు. ఒక కారు, ఒక రోజు. దానితో ఎన్ని గొలుసులు ఊడతాయో నేను మీకు చూపించగలను.

మూడోది మీ శాఖలో ఒక్క సర్క్యులర్‌తో అయిపోయే పని. 94వ సెక్షన్ ప్రకారం ప్రాణాపాయం ఉన్నప్పుడు ఏ డాక్టరైనా, సైకియాట్రిస్టు కాకపోయినా, డెబ్బై రెండు గంటల వరకు అత్యవసర మానసిక చికిత్స చెయ్యొచ్చు. అక్కడ నామినేటెడ్ రిప్రజెంటేటివ్, అంటే పేషెంటు తరఫున నిలబడే మనిషి, ఉంటే ఆయన అంగీకారం తీసుకోవాలి, అంతే. మా ప్రైమరీ హెల్త్ సెంటర్లలో పనిచేసే కుర్ర డాక్టర్లలో చాలామందికి ఈ సంగతి తెలియదు. ఒక డాక్టరమ్మాయి అర్ధరాత్రి నాకు ఫోన్ చేసి, "సార్, ఉద్రేకం తగ్గడానికి హాలోపెరిడాల్ ఇస్తే నా మీద కేసవుతుందా?" అని ఏడ్చినంత పని చేసింది. ఎదురుగా కత్తితో మెడ కోసుకోబోయిన మనిషిని నలుగురు పట్టుకుని ఉన్నారు. ఆ అమ్మాయికి భయం చేరింది గానీ ఆ భయాన్ని తీర్చే సెక్షన్ చేరలేదు. అలాగే పోలీసు స్టేషన్లకి కూడా చెప్పించండి. రోడ్ల మీద తిరిగే మానసిక రోగిని లాకప్‌లో పెట్టకూడదు, ఇరవై నాలుగు గంటల్లోపు దగ్గర్లోని ప్రభుత్వ ఆస్పత్రికి తీసుకెళ్ళాలి. 2027లో గోదావరి పుష్కరాలు వస్తున్నాయి. 2015 పుష్కరాల తర్వాత రేవుల్లో ఎవరో వదిలేసి వెళ్ళిన వాళ్ళని ముగ్గుర్ని నేను చూశాను. ఒకామెకి తన ఊరి పేరు తప్ప ఏమీ గుర్తు లేదు, ఆ ఊరు పేరుతో మన రాష్ట్రంలోనే అయిదారు ఊళ్ళున్నాయి. పుష్కరాల ఏర్పాట్లలో ఘాట్లు, స్నానాల గదులు, తాగునీళ్ళతో పాటు వాళ్ళకీ పది పడకలు రాయించండి.

మందులు ఆగకుండా ఇప్పించడం గురించి పైనే రాశాను. మళ్ళీ రాయను.

మా వాళ్ళు కొందరు నాతో అంటారు, "ఎందుకండీ ఈ గొడవ, బోర్డు లేకపోతే మనకే మంచిది కదా, అడిగేవాడు ఉండడు" అని. నేను ఒప్పుకోను. అడిగేవాడు లేకపోబట్టే ఆ అన్నగారిని పన్నెండు రోజులు ఉంచాను. అడిగేవాడు లేకపోబట్టే తాగుడు మాన్పిస్తామని వీధిలో పలకలు పెట్టుకున్న కొన్ని చోట్ల మగవాళ్ళని గదుల్లో పెట్టి కొడుతున్నారు. ఆ దెబ్బలతో నా దగ్గరికి వచ్చినవాళ్ళున్నారు. నన్ను అడిగేవాడు ఉంటేనే నా పేషెంటు నన్ను నమ్ముతాడు. నేను చెప్పే "ఇంకో వారం ఉండండి" అన్న మాటకి అప్పుడే విలువ. నా చేతుల్లో ఇంత అధికారం పెట్టి, నా మీద చూపు లేకుండా వదిలేయడం నాకు గౌరవం కాదు. అది నాకు భయం.

ఏటా సంక్రాంతికి ముందు మేము వార్డు గోడలకి రంగులు వేయిస్తాం. పెయింటరు ప్రతిసారీ ఆ ఖాళీ వరస దగ్గర ఆగి, "ఇది తీసెయ్యమంటారా సార్?" అని అడుగుతాడు. ఉంచమని చెబుతున్నాను. బోర్డు ఎక్కడ కూర్చుంటుందో, ఏ నంబరుకి చేస్తే ఎత్తుతారో నాకు రాయించి పంపండి. అందిన రోజే మా పేషెంట్లలో ఒకరి చేత ఆ నంబరుకి ఫోన్ చేయించి, అవతల మనిషి పలికాక గోడ మీద రాయిస్తాను.

ఇట్లు,
అమలాపురం దగ్గర ప్రాక్టీసు చేస్తున్న ఒక మానసిక వైద్యుడు